కనుమ నాడు కాకి కూడా కదలదు, మరి మనం?

శ్రీ మాత్రే నమః.

పోయిన వారం మన ఛానల్‌లో సంక్రాంతి మూడు రోజుల విశిష్టత మీద వీడియో పెట్టాం. చాలామంది చూశారు, సంతోషం. దాని కింద ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న మాత్రం నన్ను రెండు రోజులు వదల్లేదు. "అన్నా, కనుమ నాడు కాకి కూడా కదలదు అంటారు కదా. నాకేమో కనుమ మర్నాడు పొద్దున్నే హైదరాబాద్‌లో ఆఫీసు. కనుమ రాత్రి కారు తీస్తే దోషమా? ఏదైనా పరిహారం చెప్పండి."

వీడియోలో అయితే ఒక్క నిమిషంలో జవాబు చెప్పేసేవాణ్ణి. కానీ ఈ ప్రశ్న నాకు మా ఇంటి ప్రశ్న కూడా. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. కొంచెం పెద్దదే. పండక్కి బయల్దేరే ముందు ఒక్కసారి చదవండి. ఇంట్లో బండి నడిపేవాళ్లకి చదివి వినిపించండి.

కాకి ఎందుకు కదలదు?

ముందు ఆ సామెత సంగతి చూద్దాం. భోగి మంటలతో, సంక్రాంతి పెద్దలతో, కనుమ పశువులతో. మా కృష్ణా డెల్టాలో కనుమ అంటే పొద్దున్నే ఎడ్లని కాలవలో కడగడం, కొమ్ములకి రంగులు, మెడలో గంటలు, నుదుట పసుపు కుంకుమ, కడుపునిండా మేత. ఆ రోజు ఎద్దు మెడ మీద కాడి పెట్టరు. దుక్కి కుదరదు, బండి కుదరదు.

ఇప్పుడు ఆలోచించండి. మన తాతముత్తాతల కాలంలో ప్రయాణం అంటే ఏంటి? ఎద్దుల బండే కదా. ఎద్దుకి సెలవు ఇచ్చారంటే ప్రయాణానికి సెలవు ఇచ్చినట్టే. ఏడాది పొడుగునా మనల్ని, మన ధాన్యాన్ని మోసిన జీవం ఒక్క రోజు మోయకుండా ఉండాలి. మాట వినరని తెలిసి పెద్దలు దాన్ని సామెతగా కట్టారు. కాకే కదలదు, నువ్వెందుకు కదులుతావ్ అని.

ఈ అర్థం నేను ఏ గ్రంథంలోనో చదివింది కాదు, మా తాతయ్య అరుగు మీద కూర్చుని చెప్పింది. నాకైతే దీనికి మించిన వివరణ ఇంతవరకు దొరకలేదు. మోసేవాడికి విశ్రాంతి ఇవ్వడం కనుమ ధర్మం. ఇప్పుడు మనల్ని మోసేది ఎద్దు కాదు. స్టీరింగ్ వెనకాల ఉన్న మనిషి. ఒక్కోసారి ఆ మనిషి మనమే.

పండగ రోడ్డు

పండక్కి హైదరాబాద్ నుంచి విజయవాడ వైపు వచ్చినవాళ్లకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. 65వ నంబరు జాతీయ రహదారి. ఎల్బీనగర్ దాటాక పంతంగి టోల్ దగ్గర ఏటా అదే బారు, టీవీలో ఏటా అదే దృశ్యం. తర్వాత కొర్లపహాడ్, సూర్యాపేట, కోదాడ, చిల్లకల్లు టోల్, నందిగామ, ఇబ్రహీంపట్నం, గొల్లపూడి. అమ్మవారి కొండ కనిపించగానే చేతులు వాటంతటవే లేస్తాయి. దయచేసి స్టీరింగ్ పట్టుకున్నవాళ్ల చేతులు మాత్రం లేవకూడదు, మనసులో దణ్ణం చాలు.

విజయవాడ దాటాక అసలు పరీక్ష. హైవే దిగి ఊళ్లోకి వెళ్లే రోడ్లు చాలా వరకు కాలవ గట్ల మీదే ఉంటాయి. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పొలం, మధ్యలో రెండు బండ్లు కష్టంగా తప్పుకునే రోడ్డు. జనవరి కాబట్టి పొద్దున ఎనిమిదింటి దాకా పొగమంచు. కోతలు, నూర్పిళ్ల కాలం కాబట్టి రోడ్డు పక్కన ఆరబోసిన వడ్లు, వెనక లైటు లేని గడ్డి ట్రాక్టర్లు. వీటికి తోడు కోడిపందేల బరుల దగ్గర అడ్డదిడ్డంగా ఆపిన కార్లు, మందు తాగి బండెక్కే జనం. ఏడాదంతా ఆ రోడ్డు మీద తిరిగే రైతుకి ఎక్కడ మలుపుందో తెలుసు. ఏడాదికోసారి వచ్చే మనకి తెలీదు. "మా ఊరే కదా" అనే ధీమా మాత్రం మనకే ఎక్కువ.

కేంద్ర రహదారి రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. రోజుకి దాదాపు 462 మంది. అందులో హెల్మెట్ పెట్టుకోని ద్విచక్ర వాహనదారులు 50,029 మంది. సీటు బెల్టు పెట్టుకోనివాళ్లు 16,715 మంది, వాళ్లలో దాదాపు సగం మంది డ్రైవింగ్ చేస్తున్నవాళ్లు కాదు, పక్కన, వెనక కూర్చున్నవాళ్లు. రోజు మొత్తంలో ఎక్కువ ప్రమాదాలు జరిగేది సాయంత్రం 6 నుంచి 9 మధ్య. అంటే మనం దీపం పెట్టే వేళ.

ఇది మన ఒక్కళ్ల గొడవ కాదు. థాయిలాండ్‌లో ఏప్రిల్‌లో సోంక్రాన్ అనే పండగ వస్తుంది. ఆ పేరు మన సంస్కృతంలోని 'సంక్రాంతి' నుంచే వెళ్లింది. అక్కడ కూడా జనం నగరాలు ఖాళీ చేసి సొంత ఊళ్లకి పోతారు. ఆ వారాన్ని అక్కడి ప్రభుత్వం 'ఏడు ప్రమాద దినాలు' అని పిలుస్తుంది. ఏ రోజు ఎంతమంది పోయారో రోజూ లెక్క చెబుతుంది. ఆ ఏడు రోజుల లెక్క ఏటా వందల్లోనే ఉంటుంది. పండగ పేరు ఒకటే, సముద్రం అవతల కూడా కారణాలు అవే: వేగం, మందు, మోటారు సైకిళ్లు.

అయితే పండక్కే ఎందుకిలా? ముహూర్తం బాగోలేకా? కాదు. అందరం ఒకే రోజు, ఒకే రోడ్డు మీదకి, సరిగ్గా నిద్ర లేకుండా, మామూలుకన్నా ఎక్కువ మందితో, ఆలస్యమైపోతోందన్న కంగారుతో దిగుతాం కాబట్టి.

ఒక ఇంజనీరు లెక్క

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కాబట్టి చిన్న లెక్క వేసి చూపిస్తాను.

240 కిలోమీటర్ల దూరం గంటకి 80 వేగంతో పోతే 3 గంటలు. 100తో పోతే 2 గంటల 24 నిమిషాలు. మనకి మిగిలేది 36 నిమిషాలు. కానీ గుద్దుకున్నప్పుడు బండిలో ఉండే శక్తి వేగానికి వర్గంలో పెరుగుతుంది. 80 నుంచి 100కి పెంచితే ఆ శక్తి ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. టోల్ దగ్గర బారులో నిలబడితే ఆ 36 నిమిషాలు ఎలాగూ పోతాయి. పెరిగిన ప్రమాదం మాత్రం ఎక్కడికీ పోదు.

రెండో లెక్క. గంటకి 100 అంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. కళ్లు మూడు సెకన్లు మూతపడితే బండి 80 మీటర్లకి పైగా డ్రైవరు లేకుండా పోతుంది.

మూడోది నిద్ర. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి ప్రతిస్పందన, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్న మనిషి స్థాయికి పడిపోతుందని పరిశోధనల్లో తేలింది. మన దేశంలో చట్టం అనుమతించేది 30 మిల్లీగ్రాములే. ఇప్పుడు మన భోగి ముందు రోజు చూడండి. పొద్దున 7కి లేచాం. ఆఫీసు పని సాయంత్రం దాకా. బ్యాగులు సర్దుకుని ఎల్బీనగర్ దాటేసరికి రాత్రి 9. టోల్ బారు దాటి సూర్యాపేట వచ్చేసరికి 12. అక్కడికి 17 గంటలు అయిపోయాయి. చుక్క మందు ముట్టకుండా, మెడలో మాలతో, కారులో లలితా సహస్రనామం వింటూ కూడా మనం తాగినవాడి స్థితిలోనే ఉన్నాం. ఇంకా సగం దారి మిగిలే ఉంది.

తెల్లవారుజామున 2 నుంచి 5 మధ్య శరీరం తనంతట తాను నిద్రలోకి జారుతుంది. బ్రాహ్మీ ముహూర్తం కదా, ప్రయాణానికి మంచిది అంటారు కొందరు. ఆ ముహూర్తం నిద్రపోయి లేచినవాడికి చెప్పింది, నిద్రపోనివాడికి కాదు. నందిగామ దగ్గర ముళ్లపాడులో 2017 ఫిబ్రవరి 28న ఒక ప్రైవేటు బస్సు కల్వర్టులో పడి కనీసం పది మంది ప్రాణాలు పోయింది తెల్లవారుజామునే. ఆ రోజు పండగ కూడా కాదు. ఇప్పుడు అదే రోడ్డు మీద పండగ రద్దీని ఊహించుకోండి.

పార్థసారథి ఏం చేశాడు?

మనలో చాలామంది డ్యాష్‌బోర్డు మీద గీతోపదేశం బొమ్మ ఉంటుంది. కృష్ణుడు పగ్గాలు పట్టుకుని వెనక్కి తిరిగి అర్జునుడికి చెబుతుంటాడు. ఆ సారథి గురించి మహాభారతం ద్రోణపర్వంలో ఒక ఘట్టం ఉంది. దాన్ని తక్కువగా చెప్పుకుంటాం.

యుద్ధం పదమూడో రోజు అభిమన్యుడు పడిపోయాడు. అర్జునుడు శపథం చేశాడు. రేపు సూర్యాస్తమయం లోపు సైంధవుణ్ణి చంపుతాను, లేకపోతే అగ్నిలో దూకుతాను. పద్నాలుగో రోజు. డెడ్‌లైన్ అంటే అలా ఉండాలి. దాటితే మేనేజర్ మెయిల్ రావడం కాదు, ప్రాణమే పోతుంది. మధ్యలో ద్రోణుడి వ్యూహం, అడుగడుగునా సైన్యం. సైంధవుడు ఇంకా దూరంలోనే ఉన్నాడు.

అలాంటి సమయంలో రథం ఆగింది.

గుర్రాలు అలిసిపోయాయి. ఒంటి నిండా బాణాలు. ఇప్పుడేం చేద్దామని అర్జునుడు అడుగుతూ, గుర్రాలని విప్పి బాణాలు తీయడం మంచిదేమో అంటాడు. నా ఆలోచన కూడా అదే అంటాడు కృష్ణుడు. అర్జునుడు రథం దిగి నేల మీద నిలబడి శత్రుసైన్యాన్ని ఒక్కడే ఆపుతాడు. ఇక్కడ నీళ్లు లేవే అంటే, బాణంతో భూమిని కొట్టి కొలను తెప్పిస్తాడు, బాణాలతోనే ఒక ఇల్లు కట్టేస్తాడు. యుద్ధభూమి నడిబొడ్డున, ఆ నీడలో, జగన్నాథుడు గుర్రాలని విప్పి, ఒక్కొక్క బాణం పీకి, ఒళ్లు రుద్ది, నీళ్లు తాగించి, మేత పెట్టి, నేల మీద పొర్లనిచ్చి, అలసట తీరాక మళ్లీ కట్టాడు. చుట్టూ ఉన్న కౌరవ సేన నోరు తెరుచుకుని చూసింది. ఆ తర్వాత ఆ గుర్రాలు కొత్త బలంతో పరుగెత్తాయి. సూర్యాస్తమయం లోపు శపథం నెరవేరింది.

ఈ ఘట్టం చదివిన ప్రతిసారీ నాకు ఒకటే అనిపిస్తుంది. కాలానికే అధిపతి అయినవాడు, సంకల్పంతో గుర్రాల అలసట తీర్చేయగలిగినవాడు, బండి ఆపాడు. "ఏం కాదు, నేనున్నాను కదా, పోనీ" అనలేదు. మనం దేవుణ్ణి డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని అదే మాట ఆయన తరఫున మనమే అనుకుంటున్నాం.

కఠోపనిషత్తులో కూడా శరీరం రథం, ఇంద్రియాలు గుర్రాలు, మనసు పగ్గం, బుద్ధి సారథి అని చెబుతారు. సారథి మెలకువగా ఉండి పగ్గం చేతిలో ఉన్నవాడే దారి చివరికి చేరతాడట. అక్కడ చెప్పింది మోక్షం గురించే. కానీ ఉపమానం నిలబడాలంటే ముందు మామూలు దారిలో కూడా ఆ మాట నిజం కావాలి కదా.

మా అన్నయ్య

ఇక మా ఇంటి సంగతి. రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి, పిన్నికి ఫోన్ చేసి అడిగాను. రాయి నాన్నా, ఒక్కళ్లు చదివినా చాలు అంది.

మాది పామర్రు దగ్గర పల్లెటూరు. ఏడేళ్ల కిందటి సంక్రాంతి. నేను ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది. మా బాబాయి కొడుకు, నాకన్నా మూడేళ్లు పెద్ద. నాకు ఈత నేర్పింది, మొదటిసారి కొండకి తీసుకెళ్లి మెట్ల పూజ చేయించింది వాడే. ఆ సాయంత్రం పక్క ఊళ్లో ఉన్న స్నేహితుణ్ణి తీసుకొస్తానని బండి తీశాడు. రెండు కిలోమీటర్లు. హెల్మెట్ వసారాలో మేకుకి వేలాడుతోంది. పిన్ని చెప్పింది కూడా. "పక్క ఊరే కదమ్మా" అన్నాడు.

కాలవ గట్టు మీద ఒక గడ్డి ట్రాక్టరు టైరు పంక్చరై ఆగి ఉంది. వెనక లైటు లేదు. అప్పుడే చీకటి పడుతోంది. జనం వెంటనే పోగయ్యారు. కానీ ముట్టుకుంటే పోలీసు కేసవుతుందని ఎవరూ కదిలించలేదట. ఒకాయన ధైర్యం చేసి 108కి ఫోన్ చేసేసరికి చాలాసేపు అయింది. విజయవాడ చేరేలోపే అన్నయ్య వెళ్లిపోయాడు.

కనుమ నాడు మినుము తినాలంటారు. ఆ రాత్రి పిన్ని గారెలకి నానబోసిన మినప్పప్పు అలాగే గిన్నెలో ఉండిపోయింది. మూడో రోజు ఎవరో తీసి కాలవలో పోశారు. అప్పటినుంచి మా పిన్ని కనుమకి మినప్పప్పు నానబోయలేదు.

పరామర్శకి వచ్చినవాళ్లలో ఒక పెద్దాయన ఓదారుస్తున్నాననుకుని అన్నాడు. ఉత్తరాయణ పుణ్యకాలంలో పోయాడమ్మా, భీష్ముడంతటివాడు దానికోసం ఎదురుచూశాడు, వాడి తలరాత అంతవరకే అని. పిన్ని అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. తలెత్తి ఆయన్నే అడిగింది. "ట్రాక్టరుకి లైటు లేకపోవడం ఎవరి తలరాత అన్నయ్యగారూ?"

ఆ ప్రశ్నకి ఆ రోజు ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ జవాబు కోసమే నేను శాస్త్రాలు చదవడం మొదలుపెట్టాను. ఈ ఛానల్‌కి మొదలు కూడా అదే.

తలరాత ఎంత, మన చేత ఎంత?

భీష్ముడి సంగతి ముందు చూద్దాం. ఆయనకి స్వచ్ఛంద మరణ వరం ఉంది. ఎప్పుడు వెళ్లాలో ఆయనే ఎంచుకున్నాడు. అంపశయ్య మీద 58 రాత్రులు ఉన్నాడు. ధర్మరాజుకి చెప్పాల్సిందంతా చెప్పి, అందరి దగ్గరా సెలవు తీసుకుని వెళ్లాడు. 24 ఏళ్ల కుర్రాడు చీకట్లో ట్రాక్టరుని గుద్దుకుని పోవడానికి, దానికి పోలికే లేదు. పోలిక పెట్టి తల్లిని ఓదార్చకూడదు.

ఇక తలరాత. గీత పద్దెనిమిదో అధ్యాయంలో కృష్ణ పరమాత్మ ఏ పని జరగడానికైనా ఐదు కారణాలు చెబుతాడు: అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, ఐదోది దైవం. దీన్ని నేను రోడ్డుకి ఇలా అన్వయించుకుంటాను. అధిష్ఠానం అంటే ఆధారం: మన శరీరం, అది కూర్చున్న బండి, కింద ఉన్న రోడ్డు. కర్త అంటే నడిపేవాడు. కరణాలు అంటే సాధనాలు: కళ్లు, చేతులు, బ్రేకు, లైటు, హెల్మెట్. చేష్టలు అంటే మనం చేసే పనులు: వేగం, ఓవర్‌టేక్, ఫోన్ ఎత్తడం. దైవం ఐదోది. స్వామి దైవాన్ని తీసేయలేదు. అలాగని దైవం ఒక్కటే అనీ చెప్పలేదు. ఐదింటిలో నాలుగు మన వైపు పెట్టాడు. ఆ నాలుగూ వదిలేసి ఐదోదాని మీద భారం వేయడం భక్తి కాదు. దాన్ని సోమరితనం అనాలి.

మరి ఆ రోజు ఎవరి తప్పు? లైటు పెట్టించని ట్రాక్టరు యజమానిదా, హెల్మెట్ పెట్టుకోని అన్నయ్యదా, దీపం లేని గట్టు రోడ్డుదా, చేతులు కట్టుకు నిలబడ్డ జనానిదా? అన్నిటిలోనూ తలా కొంచెం. వీటిలో ఏ ఒక్కటి వేరేగా ఉన్నా వాడు ఈ కనుమకి మాతో గారెలు తింటూ ఉండేవాడేమో. పోయినవాడి కర్మ ఏమిటో లెక్క కట్టే అధికారం మనకి లేదు. ఉన్నవాళ్లం మన నాలుగూ సరిచేసుకునే బాధ్యత మాత్రం ఉంది.

నిమ్మకాయలు తొక్కించాక

కొత్త బండి కొంటే ఇంద్రకీలాద్రి దగ్గర పూజ చేయించడం మా బెజవాడ అలవాటు. దసరాకి ఆయుధపూజ అని మళ్లీ చేస్తాం. చక్రాల కింద నిమ్మకాయలు, గుమ్మడికాయ, కొబ్బరికాయ. నేనూ చేయిస్తాను, మీరూ చేయించండి. కానీ ఆయుధపూజ అసలు ఏంటి? ఏడాదంతా వాడిన పనిముట్టుని శుభ్రం చేసి, అరిగింది చూసుకుని, కృతజ్ఞత చెప్పడం. టైరు అరిగిపోయి ఉంటే దానికి బొట్టు పెట్టడం పూజ కాదు. టైరు మార్చి బొట్టు పెట్టండి. అద్దం మీద దండలు అడ్డంగా వేలాడదీసి రోడ్డు కనపడకుండా చేసుకోకండి. అమ్మవారు మన కళ్ల ముందు ఉండాలి, కళ్లకి అడ్డంగా కాదు.

పుణ్యక్షేత్రానికి వెళ్లొస్తున్నాం కదా, ఏం కాదులే అనే ధీమా కూడా వద్దు. 2022 సెప్టెంబరు 4న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ పార్సీల పవిత్ర స్థలం ఉద్వాడ నుంచి తిరిగొస్తూనే ప్రమాదంలో చనిపోయారు. మంచి కారు. వెనక సీట్లో ఉన్నారు, బెల్టు లేదు.

ఈ పండక్కి మన వ్రతం

మీలో ఎంతమంది పాటిస్తారో నాకు తెలీదు. నేను రెండేళ్లుగా పాటిస్తున్నవి మాత్రమే రాస్తున్నాను.

ఒకటి. మోసేవాడికి విశ్రాంతి. టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని తిరుమల, శ్రీశైలం, శబరిమల వెళ్తాం. మనకి ఏసీ గది, డ్రైవరు గారికి బండిలో సీటు. మనం దర్శనానికి వెళ్లొచ్చేలోపు ఆయన పార్కింగ్‌లో దోమల్లో కూర్చుని, రాత్రికి మళ్లీ స్టీరింగ్ పట్టుకుంటాడు. ఇకనుంచి గది తీసుకునేటప్పుడు ఆయన మంచం కూడా లెక్కలో వేయండి. దూరం ఎక్కువైతే ఇద్దరు డ్రైవర్లు. కృష్ణుడు గుర్రాలకి చేసింది మనం మనిషికి చేయలేమా?

రెండు. రాత్రి 11 తర్వాత స్టీరింగ్ ముట్టుకోకపోవడం. రెండేళ్ల కిందట కోదాడ దాటాక నా కళ్లు మూతపడ్డాయి. బండి రోడ్డు అంచు దిగిన కుదుపుకి మెలకువ వచ్చింది. అన్నయ్య సంగతి తెలిసిన నేనే, భోగి మంట అందుకోవాలని ఆ పని చేశాను. పక్కన ఢాబాలో ఆపి తెల్లారేదాకా పడుకున్నాను. ఇంటికి చేరేసరికి మంట బూడిదైపోయింది. అమ్మ ముందు తిట్టింది, తర్వాత వేణ్ణీళ్లు పెట్టింది. "మంటదేముందిరా, మళ్లీ ఏడాది వేసుకుంటాం" అంది.

మూడు. నడిపేవాళ్లకి ఫోన్ చేయకపోవడం. ఎక్కడిదాకా వచ్చారు, ఎంతసేపట్లో వస్తారు అని ప్రేమతోనే అడుగుతాం. పక్కన కూర్చున్నవాళ్లకి చేయండి. ఒక్కరే వస్తుంటే వాళ్లే ఆగి చేసేదాకా ఆగండి. అమ్మానాన్నలకి ఈ మాట మీరే ముందుగా చెప్పండి.

నాలుగు. పక్క ఊరికైనా హెల్మెట్, వెనక సీట్లోనూ బెల్టు. పిల్లల్ని బండి ట్యాంకు మీద కూర్చోబెట్టకండి. ఒక్క చుక్క తాగినా తాళం ఇంకొకరికి.

ఐదు. ఊళ్లో ట్రాక్టర్లకి, ట్రక్కులకి వెనక ఎర్రటి మెరిసే స్టిక్కర్లు అంటించడం. మా అన్నయ్య పేరు మీద ప్రతి భోగికీ మా ఊళ్లో ఇదే చేస్తున్నాం. ఖర్చు చాలా తక్కువ. భవానీ దీక్షలో రాత్రిపూట రోడ్డు వెంట నడిచి కొండకి వచ్చే స్వాములు కూడా భుజానికి అలాంటి పట్టీ ఒకటి కట్టుకోండి. ఎర్ర బట్టలు చీకట్లో నల్లగానే కనిపిస్తాయి.

ఆరు. ప్రమాదం కనపడితే ఆగడం. 108కి ఫోన్ చేయండి, హైవే మీదైతే 1033 కూడా ఉంది. సాయం చేసినవాళ్లని కేసుల్లో ఇరికించడానికి లేదు. 2016లో సుప్రీంకోర్టు చెప్పింది, 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్‌గా వచ్చింది. పేరు చెప్పమని కూడా బలవంతం చేయకూడదు. 2025 మే నుంచి ప్రమాద బాధితులకి ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు లేకుండా చికిత్స అందించే పథకం కూడా అమల్లోకి వచ్చింది. మన ఊరి జనానికి ఆ రోజు ఈ సంగతులు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. అందుకే మీకు చెబుతున్నాను, మీరు పదిమందికి చెప్పండి.

ఆ తమ్ముడికి జవాబు

తమ్ముడూ, కనుమ రాత్రి ప్రయాణం దోషమా అని అడిగావు. తిథి దోషం సంగతి మీ ఇంటి పురోహితుల్ని అడుగు. నాకు తెలిసిన దోషం ఒకటే. మూడు రోజులు నిద్ర చాలక, పగలంతా పందేలు, పేకాట, బంధువులతో గడిపి, రాత్రి పదింటికి ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని, పొద్దున తొమ్మిది మీటింగు కోసం కాలవ గట్టు మీద నుంచి బయల్దేరడం. దానికి పరిహారం కూడా ఒకటే. ఒక రోజు సెలవు పెట్టు. దొరక్కపోతే బస్సో రైలో ఎక్కు. అదీ కుదరకపోతే కనుమ మధ్యాహ్నం తిని, పడుకుని, మర్నాడు వెలుతురు వచ్చాక బయల్దేరు. మేనేజరుకి ఒక మెసేజ్ పెట్టు. ఒక పూట ఆలస్యమైనవాణ్ణి ఏ ఆఫీసూ మర్చిపోదు. రానివాణ్ణి మాత్రం నెలలోనే మర్చిపోతుంది. మర్చిపోనిది ఇల్లు.

పూజకి ముందు సంకల్పం చెప్పుకుంటాం కదా. ఎక్కడున్నాం, ఏ రోజు, మన గోత్రం, పేరు, ఏం చేయబోతున్నాం అని. ఈసారి తాళం తిప్పే ముందు కూడా అర నిమిషం కళ్లు మూసుకుని చెప్పుకోండి. నేను ఫలానా, నాతో ఇంతమంది ఉన్నారు, మేమందరం చేరడమే నాకు ముఖ్యం, నాకు నిద్ర వస్తే ఆపుతాను. అది చాలు, అమ్మవారు వింటుంది.

పోయిన వారం పిన్నికి ఫోన్ చేసినప్పుడు చివర్లో అడిగాను, ఈసారి కనుమకి గారెలు చేస్తావా అని. కాసేపు మాట్లాడలేదు. "నువ్వు పగటిపూట రా. నానబోస్తాను" అంది.

నేను భోగి ముందు రోజు పొద్దున్నే, వెలుతురులో బయల్దేరుతున్నాను. మీరందరూ కూడా క్షేమంగా చేరండి, క్షేమంగా తిరిగి రండి. దుర్గమ్మ తల్లి అందర్నీ చల్లగా చూడాలి.

శ్రీ మాత్రే నమః.